కదిలే మనిషికి ఫోకస్

షామీర్‌పేటలో మా నాయిన ఫోటో తీయని మొహం లేదు. ఆయన మొహానికే ఫోటో లేదు. ఈ మాట ఎవరితో అన్నా నవ్వేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు, ఒళ్ళు మండేది. ఊళ్ళో పట్టాదారు పాసుపుస్తకాల మీద, పిల్లల హాల్‌టికెట్ల మీద, గోడలకు దండలేసిన పటాల్లో ఉన్నవన్నీ ఆయన తీసినవే. మా ఇంట్లో అమ్మ ఫోటోలు మూడున్నాయి, నావి లెక్కలేనన్ని ఉన్నాయి, ఆయనది ఒక్కటీ లేదు. అడిగితే, "తీసెటోడు పటంల ఎట్లుంటడే?" అని తప్పించుకునేవాడు. ఆ ఒక్క ఫోటో తీయడానికి నాకు ఎన్నో ఏళ్ళు పట్టింది. అందులో సగం ఆలస్యం నా బుర్ర తక్కువతనం వల్లే జరిగింది.

మా స్టూడియో కరీంనగర్ రోడ్డు మీద, సైకిల్ పంక్చర్ల దుకాణానికీ టీకొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఒక్క గది. ముందు కౌంటరు, వెనక నీలం తెర, తెర ముందు గుండ్రటి స్టూలు, దానికి చెరోవైపు ఒక పెద్ద బల్బు. స్టూలు మీద కూర్చుంటే ఎదురుగోడ మీద నాయిన స్వయంగా ఎర్రరంగుతో రాసిన అక్షరాలు కనబడేవి: 'కదలరాదు'. ఆయన పాత కెమెరాలో ఫోకస్ చేతితోనే కుదర్చాలి. అందులోంచి చూస్తే నడుమ చిన్న వృత్తం, ఆ వృత్తంలో మనిషి మొహం రెండు ముక్కలై కనిపించేది. లెన్సు తిప్పుతూ పోతే రెండు ముక్కలూ ఒక్కటయ్యేవి. అప్పుడు నొక్కాలి. ఈలోగా మనిషి కదిలాడంటే మళ్ళీ మొదటికొచ్చేది. అందుకే నాయిన నోట రోజంతా ఒకటే మాట, "కదలొద్దు. ఊపిరి గూడ ఆపుర్రి." ఊరి పటేళ్ళు, పోలీసులు కూడా ఆయన ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. చిన్నప్పుడు అది చూసి మా నాయినను మించిన మొనగాడు లేడనుకునేదాన్ని.

మా వైపు జనానికి ఒక అలవాటుంది. ఫోటో తీసేవాడు 'రెడీ' అన్నాడంటే చాలు, మగవాళ్ళు అంగీ కిందికి గుంజుకుని రొమ్ము విరుస్తారు, ఆడవాళ్ళు కొంగు సర్దుకుంటారు, ఆపైన అందరూ కలిసి అరడుగు ముందుకేస్తారు. వెనక నిలబడితే ఎక్కడ కనబడకుండా పోతామోనని భయం. నాయిన ప్రతి ఫోటోకూ రెండుసార్లు 'రెడీ' అనేవాడు. అది ఆయన నోటి అలవాటేమో అనుకున్నాను. ఎందుకంటావని అడగాలని ఒక్కనాడూ తోచలేదు.

తొంభైల చివర్లో నాయిన కళ్ళలో పొర కమ్మింది. ఆ వృత్తంలోని రెండు ముక్కలు ఆయనకు కలవడం మానేశాయి. ఆపరేషన్ అయింది, చూపు కొంత వచ్చింది కానీ ధైర్యం రాలేదు. ఇంటర్ అయినప్పటి నుంచి నేను కౌంటర్లో కూర్చుంటూనే ఉన్నాను, పెళ్ళిళ్ళకు సంచి మోస్తూనే ఉన్నాను. ఒకరోజు ఆయన కోఠీ పోయి, తనంతట తానే ఫోకస్ పట్టుకునే కెమెరా ఒకటి తెచ్చాడు. సెకండ్‌హ్యాండ్‌ది. దాన్ని కౌంటరు మీద పెట్టి దూరంగా జరిగి నిలబడ్డాడు.

"మిషన్‌కు కండ్లుంటయా ఏంది? నాకైతే నమ్మకం లేదు. ఇగ నువ్వే సూస్కో," అన్నాడు.

చూసుకున్నాను. మీట సగం నొక్కితే లెన్సు గిర్రున తిరిగి ఆగేది, కింద పచ్చ చుక్క వెలిగేది. పచ్చ చుక్క వచ్చిందంటే ఫోకస్ కుదిరినట్టే. ఇంత సుళువైన పనికి నాయిన ఇన్నేళ్ళు అంత అవస్థ ఎందుకు పడ్డాడో అనుకున్నాను. స్టూడియోలో నాలుగు రోజులు పాస్‌పోర్టు ఫోటోలు తీసి, అన్నీ బాగా వచ్చేసరికి, ఇక నాకు తిరుగులేదనిపించింది.

మేడ్చల్‌లో ఒక పెద్ద భూస్వాముల ఇంట్లో పెళ్ళి. నాయిన ముప్పై ఏళ్ళుగా వాళ్ళింటి ఫోటోగ్రాఫరు. ఈసారి నేనొక్కదాన్నే పోయాను. ఆడపిల్ల ఏం తీస్తదని ఫంక్షన్‌హాల్లో మూలమూలలా గుసగుసలు. వినీ విననట్టు పని చేసుకున్నాను. ఫ్లాష్ బలం తక్కువది కనుక లెన్సు పూర్తిగా తెరిచిపెట్టాను, నడుము వరకు దగ్గరగా తీశాను. మీట సగం నొక్కడం, పచ్చ చుక్క చూడడం, 'రెడీ' అనడం, పూర్తిగా నొక్కడం. సాయంత్రం బరాత్‌లో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ డప్పుల ముందు ఎగురుతూ వస్తుంటే, మంచి నవ్వు దొరికేదాకా మీట సగంలోనే పట్టుకుని ఓపిగ్గా కాచుకున్నాను. పచ్చ చుక్క ఆరకుండా వెలుగుతూనే ఉంది. ఇంకేం కావాలి నాకు? రీళ్ళ మీద రీళ్ళు తీసి, నాయిన కంటే రెండాకులు ఎక్కువే చదివానన్నట్టు ఇంటికొచ్చాను.

సికింద్రాబాద్ ల్యాబు నుంచి ప్రింట్లు వచ్చాయి. స్టేజీ మీది ఫోటోల్లో మొహాలు మెత్తగా, అలికినట్టున్నాయి. వెనక వేలాడే పూలదండల్లో మాత్రం ఒక్కో రేకూ లెక్కపెట్టొచ్చు. బరాత్ ఫోటోల సంగతి చెప్పుకోనక్కర్లేదు. పెళ్ళిజంట ఎక్కడుందో వెతుక్కోవాలి. నాకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళికూతురి తండ్రి స్టూడియోకి వచ్చి ఆల్బం తిరగేశాడు. నా వంక చూడలేదు, నాయినతోనే మాట్లాడాడు.

"మా బిడ్డ ముక్కుపుడక ఏడున్నదయ్యా? ఎనక పూలదండలైతే మంచిగొచ్చినయి."

నాయిన చేతులు జోడించి, తప్పు తనదేనన్నాడు. ఆయన చేతులు జోడించడం నేను అదే మొదటిసారి చూశాను. పెద్దమనిషి పోయాక నాయిన భూతద్దం తీసుకుని ఒక్కో ఫోటో చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రెడీ ఎప్పుడన్నవు?" అని అడిగాడు.

"పచ్చ సుక్క ఒచ్చినంక."

"గదే తప్పు. నువ్వు రెడీ అన్నవు, వాండ్లు అరడుగు ముందుకొచ్చిండ్రు. నీ మిషన్ పాత జాగనే పట్టుకోనున్నది."

అప్పుడు చెప్పాడు ఆయన రహస్యం. మొదటి 'రెడీ' ఉత్తదే. జనం సర్దుకోవాలి, అరడుగు ముందుకు రావాలి, అందుకే అది. వాళ్ళు వచ్చి బిగుసుకున్నాక ఫోకస్ చూసుకుని, రెండో 'రెడీ' అనీ అనకముందే నొక్కేవాడు. నాకు కోపం ఆగలేదు.

"ఇన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే గదా."

"మరి బరాత్ సంగతేంది? ఎగిరేటోళ్ళను నువ్వెట్ల తీస్తుంటివి?"

నాయిన భూతద్దం కింద పెట్టాడు. "నేను బరాత్‌నే ఆపుతుంటి బిడ్డా. డప్పులు బంద్ జేపిచ్చి, అందర్ని నిలవెట్టి తీస్తుంటి. కదిలేటోళ్ళను నేనెన్నడు తియ్యలే. నాకు రాదు."

ముప్పై ఏళ్ళు కెమెరా పట్టిన మనిషి, కూతురి ముందు 'నాకు రాదు' అన్నాడు. ఆ మాట నాలో ఎక్కడో గట్టిగా గుచ్చుకుంది. ఆయనకు రానిది నేను నేర్చుకుని తీరాలని ఆ క్షణమే అనుకున్నాను. మా అమ్మ నన్ను మొండిఘటం అంటుంది. ఊరికే అనదు.

కెమెరాతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది, మొత్తం ఇంగ్లీషులో. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. కొత్త కాలనీలో కోస్తా నుంచి వచ్చి దిగిన ఒక టీచరుగారు ఉండేవారు. ఆవిడ భర్త తుర్కపల్లిలో మందుల కంపెనీ ఉద్యోగి, పొద్దున్నే క్యాబు ఎక్కితే మళ్ళీ దీపాల వేళకే రావడం. ఆవిడ పిల్లల ఫోటోల కోసం మా దగ్గరకు వస్తే, ఆ పుస్తకం చేతిలో పెట్టి కూర్చోబెట్టేశాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివి చెప్పారు.

"చూడమ్మాయ్, ఇందులో మూడు రకాలున్నాయట. మొదటిది కదలని వాటికి. ఒకసారి ఫోకస్ దొరికితే అక్కడే ఆగిపోతుంది, నువ్వు వేలు తీసేదాకా మారదు. రెండోది కదిలే వాటికి. నువ్వు వేలు నొక్కి ఉంచినంతసేపూ మనిషి వెంటే పోతుంటుంది, ఎక్కడా ఆగదు. మూడోదాంట్లో మనిషి నిలబడ్డాడో కదిలాడో కెమెరాయే చూసి నిర్ణయించుకుంటుందట."

"అంటే నేను బరాత్‌ను మొదటిదాంట్ల పెట్టి తీసిన్నా?"

"అదే అయ్యుంటుంది. నువ్వు ఏదో ఒకటి ముందే అనుకోవాలమ్మా. ఎదుటివాళ్ళు నిలబడతారా, నడుస్తారా అని."

వాటికి నేను పేర్లు పెట్టుకున్నాను. ఒకటి ఆగే ఫోకస్, ఒకటి వెంటపడే ఫోకస్. మూడోదాన్ని వారం వాడి వదిలేశాను. అది సగం పనిలో మనసు మార్చుకునేది. అట్లాంటి మనుషులంటేనే నాకు పడదు, ఇక మిషన్‌ను ఎక్కడ భరిస్తాను?

వెంటపడే ఫోకస్ నేర్చుకోవాలంటే ఎదురొచ్చే మనిషి కావాలి. మొదట రోడ్డు పక్కన నిలబడి బస్సుల మీద ప్రయత్నించాను. టీకొట్టు దగ్గరివాళ్ళు బస్సుకు ఫోటో ఎందుకని ఆటపట్టించడం మొదలుపెట్టారు. రెండు రోజులు చూసి నాయిన సైకిలు బయటకు తీశాడు.

"పా, చెరువు కట్ట మీదికి పోదం. నేనొస్తుంట, నన్ను సూసి నేర్సుకో," అన్నాడు.

రీలు దండగ చేయడం ఎందుకని కెమెరాలో రీలు వేయలేదు. ఖాళీ కెమెరాతోనే నేర్చుకున్నాను. పొద్దున్నే ఎండ పదునెక్కకముందు షామీర్‌పేట చెరువు కట్ట మీద నేను ఒక చివర నిలబడేదాన్ని. నాయిన అవతలి నుంచి సైకిలు తొక్కుకుంటూ నా వైపు వచ్చేవాడు. దాటిపోయి, మళ్ళీ తిరిగి పోయి, మళ్ళీ వచ్చేవాడు. మొదట్లో ఆయన దగ్గరికొచ్చాక మీట నొక్కేదాన్ని. లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కునేలోపు ఆయన నన్ను దాటేసేవాడు. తర్వాత తెలిసింది, దూరంగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. కెమెరాలో చూసే అద్దం నడుమనున్న గుర్తు ఆయన రొమ్ము మీద నుంచి జారనివ్వకూడదు. భయపడి వేలు ఎత్తకూడదు. అన్నిటికంటే కష్టం ఇంకోటి ఉంది, 'ఆగు' అని అనకుండా ఉండడం. స్టూడియో నాలుగు గోడల మధ్య పెరిగిన నోటికి అది మానడం చాలా కష్టమైంది.

దాటిపోతూ ప్రతిసారీ అడిగేవాడు, "ఒచ్చిన్నా?"

రాకపోతే, "రాలే," అనేదాన్ని. మళ్ళీ అవతలి చివరకు పోయేవాడు. అట్లా నెల పైన గడిచింది. ఒకనాడు ఆయన కట్ట చివర నుంచి బయలుదేరినప్పటి నుంచి నా పక్కకు వచ్చేదాకా ఒక్క క్షణం కూడా మసకబారలేదు. కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు, భుజం మీద తువ్వాల అంచు, పెదవి మీద రాబోయే నవ్వు, అన్నీ కనబడ్డాయి. మీట పూర్తిగా నొక్కాను. ఖాళీ కెమెరా టక్కుమంది.

"ఒచ్చిన్నా?"

"ఒచ్చినవ్ నాయినా."

ఆయన సైకిలు దిగి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం ఇంటికి పోయి సద్దిరొట్టె తిన్నాం. ఒక్క రీలు, ఒకే ఒక్క రీలు ఆ రోజు కెమెరాలో ఉంటే సరిపోయేది. ఆ సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

ఆ తర్వాత నా పని పుంజుకుంది. జీలకర్ర బెల్లానికి ఆగే ఫోకస్. లేకపోతే జంట నడుమ ఖాళీలోంచి కెమెరా చూపు వెనక తెర మీదికి పోతుంది. ఒకరి మొహం మీద పట్టి, వేలు ఎత్తకుండా కెమెరా పక్కకు జరిపి తీయాలి. తలంబ్రాలు మొదలవగానే బొటనవేలితో వెంటపడే ఫోకస్‌కు మార్చేదాన్ని. బరాత్, బోనాలు, కబడ్డీ పోటీలు, దేన్నీ ఆపమని అడగలేదు. ఫంక్షన్‌హాల్లో అడుగుపెట్టగానే ముందు మనుషులను చూసేదాన్ని, ఎవరు నిలబడతారు, ఎవరు కదులుతారు అని. మేడ్చల్ పెద్దమనిషి రెండో కూతురి పెళ్ళికి నన్నే పిలిచాడు. ఆల్బం చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు చాలు.

నాయినకు వణుకు మొదలైంది ఆ రోజుల్లోనే. మొదట కుడిచేతి బొటనవేలు, తర్వాత చెయ్యి మొత్తం, తర్వాత తల కూడా. ఎవరో ఏదో అడుగుతున్నట్టూ ఆయన అవునవునంటున్నట్టూ ఊగేది. పట్నంలో డాక్టరు జబ్బు పేరు చెప్పి మందులు రాశాడు, పూర్తిగా తగ్గదన్నాడు. నడకా తడబడేది, నాయిన సైకిలు మానేశాడు. స్టూడియోలో కౌంటరు వెనక కూర్చుని, ఎవరైనా వస్తే చేతిని ఒళ్ళో దాచుకునేవాడు.

ఓటరు కార్డులకు ఫోటోలు తీసేవాళ్ళు బడిలో కూర్చున్నారు. అమ్మ, నేను, నాయిన పోయాం. కెమెరా దగ్గర కూర్చున్న కుర్రవాడు మర్యాదగానే అన్నాడు, "జర కదలకు తాతా." ఒకసారి కాదు, నాలుగుసార్లు అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా నాయిన చేత ఊపిరి ఆపించుకున్నవాళ్ళే. ఎవరూ నవ్వలేదు. అందరూ తల దించుకున్నారు. కార్డు వచ్చాక చూస్తే మొహం రెండుగా చీలి, పాత కెమెరా వృత్తంలో ముక్కలు కలవని మనిషిలా ఉంది. నాయిన దాన్ని చాలాసేపు చూశాడు.

"నా మొహం నాకే ఎరుక పడుతలేదు," అన్నాడు. కార్డును రేకుడబ్బాలో వేసి మూత పెట్టాడు.

ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాను. ఈ మనిషికి ఒక్క ఫోటో ఉండాలి. ఆయన చూసుకుని 'ఇది నేనే' అనుకునే ఫోటో. రోజురోజుకూ వణుకు పెరుగుతోంది, నాకు తీరిగ్గా కూర్చునే వ్యవధి లేదు. మర్నాడు దుకాణం తలుపు వేసి ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టాను. ఒద్దన్నాడు, గొణిగాడు, నేను వినలేదు. బల్బులు వేసి ఆగే ఫోకస్‌లో తీశాను. పచ్చ చుక్క వచ్చేసరికి తల ముందుకు, నొక్కేసరికి వెనక్కి. అన్నీ అలుక్కుపోయాయి. ఎదురుగోడ మీద తను రాసిన అక్షరాలనే చూస్తూ ఆయన స్టూలు అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, కణతల మీద చెమట.

రెండోసారి బల్బులు వద్దని ఫ్లాషులతో తీశాను. ఫ్లాషు వెలుగు క్షణంలో వెయ్యోవంతు, ఏ వణుకూ అందులో కనబడదు. నిజంగానే కనబడలేదు. గడ్డం మీద మాసిన వెంట్రుకలు కూడా స్పష్టంగా వచ్చాయి. కానీ మొహం కొయ్యబారిపోయి ఉంది. కదలకుండా ఉండాలని లోపల ఆయన ఎంత పెనుగులాడాడో అదంతా దవడల్లో, మెడనరాల్లో, గుడ్లు మిటకరించిన చూపులో వచ్చింది. ప్రింటు చూసి నాయిన తిరిగి నా చేతికిచ్చేశాడు.

"గిది నేను గాదు బిడ్డా. గిది రోగం ఫోటో. ఇగ ఇడిసిపెట్టు. కదిలే మనిషికి ఫోటో ఏంది?"

"ఇడిసిపెట్ట," అన్నాను. గట్టిగానే అన్నాను. అని నీలం తెర వెనక్కి పోయి ఏడ్చాను. దుఃఖం కంటే కోపమే ఎక్కువ. నా మీద నాకే కోపం.

వారం తర్వాత, మధ్యాహ్నం వేళ, బడిపిల్లల పాస్‌పోర్టు ఫోటోలు కుప్పగా ఉన్నాయి. నాయిన కత్తెర తీసుకుని కత్తిరిస్తున్నాడు. నేను కౌంటరు ఇవతల కూర్చుని ఊరికే చూస్తున్నాను. కత్తెర తెల్ల అంచు వెంబడి తిన్నగా, దారం పట్టినట్టు పోతోంది. ఒక్క ఫోటో పక్కకు తెగలేదు. కత్తిరించడం అయింది, కత్తెర పక్కన పెట్టాడు. చెయ్యి వణకడం మొదలైంది. మళ్ళీ ఒక షీటు అందుకున్నాడు. వణుకు లేదు. తల కూడా ఊగడం లేదు. ఇంటికి పరిగెత్తి అమ్మను పిలుచుకొచ్చి చూపించాను.

అమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "గది నీకిప్పుడు ఎరుకైందా? పని జేస్తె వణకదు, ఉత్తగ కూసుంటెనే వణుకుతది. కూరగాయలు గూడ నాకు ఆయనే కోసిస్తాండు."

ఏళ్ళుగా ఎదురుగా కూర్చున్నాను. పెళ్ళి మంటపంలో అడుగుపెట్టగానే ఎవరు నిలబడతారు, ఎవరు కదులుతారని చూసేదాన్ని, మా నాయిన విషయంలో ఒక్కసారీ చూడలేదు. ఫోటో అంటే ఆయన్ను కూర్చోబెట్టాలనే అనుకున్నాను. ఊరందరినీ కదిలేలా తీసి, ఆయన్ను మాత్రం ఆయన రాసిన అక్షరాల ఎదుట కట్టిపడేశాను. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

దొడ్లో తుప్పు పడుతున్న సైకిలును పక్క దుకాణంలో ఇచ్చి టైర్లు మార్పించాను, చైనుకు నూనె పెట్టించాను. అమ్మ ఒప్పుకోలేదు.

"పడితె ఎవ్వలు లేపుతరే?"

"నేను లేపుత."

"కాలు ఇరిగితె?"

"నడవనీకె గింత పరేషానయితాండు గదనే, తొక్కుతె తొక్కనియ్యి. ఆయన్నే అడుగు."

అడిగింది. నాయిన సైకిలు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. "జర సూద్దాం," అన్నాడు. మర్నాడు మాతోపాటు కట్ట మీదికి అమ్మ కూడా వచ్చింది.

రీలు వేశానా లేదా అని ఆ పొద్దు మూడుసార్లు చూసుకున్నాను. కెమెరా వెనక చిన్న కిటికీలోంచి రీలు డబ్బా కనబడుతూనే ఉంది, అయినా నా మనసు ఊరుకోలేదు. వెంటపడే ఫోకస్‌కు మార్చి, మీట మీద వేలు పెట్టి, నా పాత జాగాలో నిలబడ్డాను. చెరువు మీద నుంచి చల్లగాలి వస్తోంది. అవతలి చివర అమ్మ సైకిలు వెనక పట్టుకుని ఉంది. నాయిన పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు కదలడం లేదు. నడిచేటప్పుడు అట్లాగే అయ్యేది ఆయనకు. ఒక నిమిషం గడిచింది. అమ్మ ఏదో చెబుతోంది. నేను అక్కడికి పరిగెత్తుదామా అనుకున్నాను. అంతలో ఆయన కాలు ఎత్తి పెడలు మీద పెట్టాడు.

సైకిలు అటూ ఇటూ తూలింది. అమ్మ నాలుగడుగులు వెంట పరిగెత్తి చెయ్యి వదిలేసింది. ఆ తర్వాత సైకిలు తిన్నగా నడిచింది. దూరంగా ఉన్నప్పుడే మీట సగం నొక్కాను. గుర్తు ఆయన రొమ్ము మీద నిలిపాను. లెన్సు చిన్నగా గురగురమంటూ ఆయన వెంట తిరుగుతోంది. తల ఊగడం లేదు. చెయ్యి వణకడం లేదు. నా గొంతులోకి అలవాటుగా 'రెడీ' వచ్చింది, మింగేశాను. తీస్తూ పోయాను, ఒకటి తర్వాత ఒకటి. దగ్గరికొచ్చేసరికి ఆయన కాళ్ళు నెమ్మదించాయి. నా ముందుకొచ్చి ఆగాలనుకున్నాడు, ఫోటో అంటే ఆగడమే కదా ఆయనకు.

"ఆగకు నాయినా," అని అరిచాను. "తొక్కు, తొక్కుతనే ఉండు."

ఆయన మళ్ళీ తొక్కాడు. నన్ను దాటిపోతూ అడిగాడు, "ఒచ్చిన్నా?"

చెయ్యి ఊపాను. ఆయన ఇంకాస్త దూరం పోయి, జాగ్రత్తగా కాలు ఆనించి దిగాడు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ నడిచొచ్చింది.

రీలు ల్యాబుకు ఇచ్చి, అక్కడే బెంచీ మీద కూర్చుని ప్రింట్లు తెచ్చుకున్నాను. చాలావరకు మసకే. అంత దగ్గరలో నా చెయ్యే తడబడినట్టుంది. నాలుగు మాత్రం నిలిచాయి. అందులో ఒకటి పెద్దది చేయించి, స్టూడియోకి వచ్చి కౌంటరు మీద నాయిన ముందు పెట్టాను. చేతిలో పట్టుకుంటే ఊగుతుందని ఆయన దాన్ని చెక్క మీదే ఉంచి, భూతద్దం తీసుకుని వంగాడు.

ముందు కళ్ళు చూశాడు, ఫోటోగ్రాఫరు కదా. కనుబొమలు చూశాడు. తర్వాత భూతద్దం మెల్లగా కిందికి జరిపి, హ్యాండిల్ దగ్గర ఆపేశాడు. బ్రేకు మీద చుట్టుకున్న నాలుగు వేళ్ళూ గోళ్ళతో సహా స్పష్టంగా ఉన్నాయి. అక్కడి నుంచి ఆయన చూపు కదలలేదు. భూతద్దం పక్కన పెట్టి, తన కుడిచెయ్యి తెచ్చి ఫోటో పక్కన ఆనించాడు. అది వణుకుతూనే ఉంది.

"గివి నా ఏళ్ళేనా?" అని అడిగాడు.

"నీయే నాయినా."

"ఒక్కటన్న వణుకుతలేదు గదనే."

ఆయన తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోవాలని కూడా చూడలేదు. ఆపైన ఎప్పటి లెక్కనే కసురుకున్నట్టు అన్నాడు.

"నవ్వు సరిగ్గ రాలే. రేపు పొద్దుగాల మల్ల పోదం. ఈసారి రీలు నేనే ఎక్కిస్త."

మర్నాడు కట్ట మీద కూర్చుని ఎక్కించాడు. రీలు కొస లాగి, పళ్ళ చక్రానికి తగిలించి, మూత వేసి నాకిచ్చాడు. చెయ్యి వణకలేదు.